మెడ దగ్గర విరిగింది

2024 నవంబర్ 3, ఆదివారం

దీపావళి సెలవులు. మగ్గాలు ఆగి నాలుగు రోజులైంది. సూరత్ ఉధనాలో ఇంత నిశ్శబ్దం ఏడాదికి ఒక్కసారే వస్తుంది, వచ్చినప్పుడల్లా నా నిద్ర పాడుచేసి పోతుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చున్నాను. ఐదింటికి బామ్మర్ది ఫోన్: "బావా, లేసినవా? డుమస్ పోదాం పా. మిషన్ వచ్చింది."

మిషన్ అంటే మెటల్ డిటెక్టర్. ఎంత పెట్టి కొన్నాడో నాకు చెప్పలేదు. మా ఆవిడకు, అంటే వాళ్లక్కకు, చెప్పొద్దని మాత్రం ముందే మాట తీసుకున్నాడు.

డుమస్ ఇసుక నల్లగా ఉంటుంది. తాపీ నది దక్కన్ నల్లరాతి మీదుగా పారి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది, ఆ రాయి అరిగి వచ్చిన ఇనుప రేణువులు ఇసుకలో ఉంటాయి. స్టీలు రకం చూడడానికి జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం పెట్టుకుంటాను. ఇసుకలో తిప్పితే దానికి గడ్డం మొలిచింది. ఇక మిషన్ సంగతి చెప్పేదేముంది, అడుగడుక్కీ కూత. నేలను బట్టి దాన్ని సరిచేసుకునే మీట ఎక్కడుందో పుస్తకం చూసి కనిపెట్టేసరికి పొద్దెక్కింది.

అమావాస్య వెళ్లి రెండు రోజులే కాబట్టి సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది. దొరికినవి: సీసా మూతలు, లెక్కలేనన్ని కాకరపువ్వొత్తుల తీగలు, రూపాయి బిళ్ళలు మూడు. 1992 తర్వాతి రూపాయి స్టీలుది, నా అయస్కాంతానికి కూడా అంటుకుంటుంది. వంతెనల మీంచి పిల్లలు దారానికి అయస్కాంతం కట్టి తాపీలోకి విసిరేది ఆ బిళ్ళల కోసమే. వాళ్లకు పెట్టుబడి తక్కువ.

ఇసుక దాటి గట్టి నేలలోకి వచ్చాక ఒక చోట కూత బాగా వినపడింది. మిషన్‌తో పాటు ఉచితంగా వచ్చిన మడత పార తెరిచాడు బామ్మర్ది. ఎక్కి తొక్కాడు, దిగింది. వెనక్కి గుంజాడు. టక్కుమంది. బ్లేడు నేలలో ఉండిపోయింది, కామ చేతిలో ఉండిపోయింది.

"గిదేంది బావా, ఇనుమే గద?"

రెండు ముక్కలూ సంచీలో వేసుకుని వచ్చాను. ఆ కూత ఏమిటో తెలియకుండానే పోయింది.

నవంబర్ 5, మంగళవారం

నా వెల్డింగ్ షాపు తెరిచాను గానీ పని లేదు. మగ్గాల బీమ్ స్టాండ్లు అడిగిన సేఠ్, దీపావళి తర్వాత కొట్లు తెరిచే లాభపాంచమ్ దాకా రాడు. విరిగిన పారను వైస్‌లో బిగించి తీరిగ్గా చూశాను.

మడత పడే కీలు పోత లోహం. విరిగిన చోట బెల్లం ముక్కలా గరుకుగా, బూడిద రంగులో ఉంది. ఒక మూల మెరవలేదు. అంటే అక్కడ బీట ముందే ఉంది, మా వాడు దాన్ని పూర్తిచేశాడు. బ్లేడు మందం కొలిస్తే ఒకటిన్నర మిల్లీమీటరు. దాని మీద నల్ల రంగు మాత్రం దళసరిగా పూశారు. రంగు ఎక్కడ దళసరిగా ఉందో అక్కడ గోకి చూడాలన్నది ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం.

రంగు సంగతి వదిలేద్దాం. మంచి పార కూడా ఎక్కడ విరుగుతుంది? మెడ దగ్గరే. బ్లేడూ కామా కలిసే చోట. బ్లేడు జానెడు మట్టిలో దిగిందనుకుందాం. కామ నాలుగు జానలు పైకి ఉంది. పైన ఇరవై కిలోల బలంతో గుంజితే కింద ఎనభై కిలోలై కూర్చుంటుంది, మొత్తం వంపు మెడ మీదే పడుతుంది. పాత షటిల్ మగ్గాల్లో పికింగ్ స్టిక్ కూడా ఇంతే. రోజంతా షటిల్‌ను కొట్టి కొట్టి, చివరకు పట్టీ బిగించిన చోటనే విరిగేది. నడుమ ఎప్పుడూ విరగలేదు.

అంటే పార విరిగేది తవ్వేటప్పుడు కాదు, పెకిలించేటప్పుడు. పెకిలించడానికి గడ్డపార ఉంది. ఒక మనిషి చేత ఇద్దరి పని చేయించినట్టు, పార చేత గడ్డపార పని చేయిస్తాం. తొందర వల్ల. కింద ఏదో ఉందన్న ఆశ వల్ల కూడా.

బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పాను: "నువ్వు ఎక్కి తొక్కినందుకు ఇరగలే. ఎనకకు గుంజినందుకు ఇరిగింది." నమ్మలేదు. కొత్తది కొనమన్నాడు, డబ్బులు పంపిస్తానన్నాడు. పంపలేదు.

నవంబర్ 7, గురువారం

నిన్న లాభపాంచమ్. బజారు తెరిచారు. ఉధనా దర్వాజా వైపు హార్డ్‌వేర్ దుకాణాలు నాలుగు తిరిగాను.

మొదటి దుకాణంలో పెద్దాయన ఒకే ప్రశ్న వేశాడు: "ఖేతర్ మాటే కే సైట్ మాటే?" పొలానికా, సైటుకా అని. రెండూ కాదన్నాను. మరి దేనికన్నట్టు చూశాడు. ఏం చెప్పను? రూపాయి బిళ్ళలు తవ్వడానికి అని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

ఆయన ప్రశ్నలోనే విషయమంతా ఉంది. మన దగ్గర పార లాంటివి రెండు రకాలే. పొలానికి పార, ఇక్కడి వాళ్ల పావడో. సైటుకు బెల్చా. బెల్చా తవ్వేది కాదు, తవ్వి పోసినదాన్ని ఎత్తేది. ఇసుక, కంకర, మాలు. గరిటెలా గుంటపడి ఉంటుంది, రేకు పల్చన. దాన్ని గట్టి నేలలో దింపితే మూతి ముడుచుకుంటుంది. గట్టి నేలకు త్రికమ్, కోశ్ ఉన్నాయి. త్రికమ్ అంటే గునపపు మొన ఉన్న గొడ్డలి లాంటిది, కోశ్ మన గడ్డపారే.

పార అయితే మనకు చిన్నప్పటి నుంచీ చెయ్యి అలవాటు. కానీ అది పైనుంచి విసిరే పనిముట్టు. ఎక్కడ పడుతుందో కన్ను చెబుతుంది గానీ ఎంత లోతు పోతుందో చెప్పలేదు. కింద నాణెం ఉంటే దాని నెత్తిన పడుతుంది. డిటెక్టర్ వాళ్లకు కావలసింది కాలితో నొక్కితే కూత వచ్చిన చోటుకు జానెడు పక్కన నెమ్మదిగా దిగే సన్నపాటి బ్లేడు. అలాంటిది మన ఊళ్లలో ఎందుకు లేదో దుకాణం మెట్ల మీద కూర్చొని టీ తాగుతూ ఆలోచించాను. మన రైతు ఉత్త కాళ్లతో తవ్వాడు. కాలితో తొక్కే పారకు బూటు కావాలి. అందుకే మన పనిముట్లన్నీ చేతితో విసిరి దగ్గరకు లాక్కునేవి, తెల్లవాళ్లవి కాలితో తొక్కి దూరంగా నెట్టేవి. ఇది ఎవరైనా రాశారో లేదో, నాకు మాత్రం ఇవాళే తట్టింది.

బయటి దేశాల్లో ఈ సరదా కోసమే చేసే పారలు ఉన్నాయి. అమెరికాలో లెష్, ఇంగ్లండ్‌లో బ్లాక్ ఆడా, ఎవల్యూషన్. పొట్టి కామ, టీ ఆకారపు పిడి, సన్నటి బ్లేడు, కొన్నిటికి పక్కన రంపపు పళ్లు. బామ్మర్ది ఫొటోలు పంపాడు, ధర కూడా పంపాడు. ఆ ధరకు నేను ఒక వెల్డింగ్ మిషన్ చూసుకుంటాను.

తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు పార ఒకటి చూపించారు. డుమస్ ఉప్పునీటికి అది నయమే, తుప్పు తొందరగా పట్టదు, మట్టి కూడా తక్కువ అంటుకుంటుంది. కానీ గిన్నెలకు వాడే 304 రకం స్టీలును ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. అంచు రాయికి తగిలితే మడత పడుతుంది. ఇసుకకు సరే, మన నల్లరేగడికి కాదు.

నాలుగో దుకాణంలో టాటా వాళ్ల పావడోను వేలికి తగిలించి స్పానర్‌తో కొట్టాను. గంటలా మోగింది. పక్కనున్న పేరులేనిది డొప్పలా మోగింది. మోత సాగితే లోపల బీట లేదని. చప్పుడు చచ్చిపోతే అనుమానించాలి. ఈ పరీక్షకు దుకాణం వాళ్లు ఏమీ అనుకోరు, వాళ్లకూ తెలుసు.

కొన్నది ఒక్కటే: బావల్ కర్ర, మన నల్లతుమ్మ. పిడికర్రను ఇక్కడ హాథో అంటారు, మా ఊళ్లో కామ. పది కర్రలు ఏరి, నార ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలువుగా పోయినది, చేవ ఉన్నది తీసుకున్నాను. నార అడ్డంగా పక్కకు దిగిపోతే ఎంత లావు కర్రైనా అక్కడే చీలుతుంది.

నవంబర్ 8, శుక్రవారం

అటక మీంచి బాపు పావడో దించాను. సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తలో వేడ్ రోడ్డులో మగ్గాలు నడిపేవాడు బాపు. 2006 ఆగస్టు వరదలో ఆ మగ్గాల షెడ్డు మునిగింది. ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఊరంతా పరుచుకున్నాయి. నీళ్లు తీశాక మగ్గాల కింద మోకాలిలోతు బురద. మెత్తటి, సన్నటి ఒండ్రు. చందనంలా ఉండేది, వాసన మాత్రం చెప్పలేను. ఈ పావడోతోనే బాపూ నేనూ రోజుల తరబడి ఎత్తిపోశాం. నాకు చేతులు పొక్కాయి. బాపు ఒక్క మాట అన్నాడు: "గుంజకురా, కొయ్యి."

దీని మెడ చూశాను. అతుకు లేదు. బ్లేడు, కామ దూర్చే కన్ను ఒకే ఇనుప ముక్కలోంచి సాగగొట్టి తీసినవి. బ్లేడు అరిగి మూడొంతులైంది, కన్ను మాత్రం చెక్కుచెదరలేదు.

నవంబర్ 10, ఆదివారం

కడోదరా రోడ్డు పక్కన గాడులియా లుహార్ల బండ్లున్నాయి. 1568లో చిత్తోడ్ పడిపోయిన నాటి నుంచి ఇంట్లో ఉండమని ఒట్టు పెట్టుకున్నామని చెప్పుకుంటారు. బండే ఇల్లు. మగాయన పట్టుకారుతో ఇనుము పట్టుకుంటాడు, ఆడమనిషి పెద్ద సుత్తి ఎత్తి కొడుతుంది. ఆవిడ చేతి వాటం చూస్తే నా షాపులో ఉన్న ఇద్దరు హెల్పర్లనూ ఇంటికి పంపాలనిపించింది.

ఛోటా హాథీ బండి కమాన్ పట్టా ఒకటి స్క్రాప్‌లో తూకానికి కొని తీసుకెళ్లాను. కమాన్ ఉక్కు పారకు చాలా మంచిది. వంగుతుంది, తిరిగి నిలబడుతుంది. కానీ పాత పట్టాలో కంటికి కనపడని బీటలుంటాయి. అందుకే రాత్రే కిరసనాయిలు పూసి, పొద్దున గుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లాను. బీట ఉంటే అందులోకి దిగిన నూనె సుద్దలోకి గీతలా ఊరుతుంది. రెండు చోట్ల ఊరింది. ఆ భాగం కోసి పారేశాను.

పట్టా వెడల్పు డెబ్బై మిల్లీమీటర్లు, మందం ఎనిమిది. మందం సగానికి దిగితే వెడల్పు రెట్టింపు కావాలి, అయితే కొంత పొడవుకూ సాగుతుంది. మొత్తం మీద భుజం దగ్గర నాలుగు అంగుళాలకు పైగా వచ్చింది. చాలు. డిటెక్టర్ పారకు వెడల్పెక్కువైతే గుంత పెద్దది, గుంత పెద్దదైతే పూడ్చడం పెద్దది.

కొలిమి దగ్గర కూర్చుంటే అమ్మమ్మ వాళ్ల వైపు కొనసముద్రం గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లా. ఒకప్పుడు అక్కడి మూసల్లో కరిగించిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు, డమాస్కస్ కత్తులకు. మన 'ఉక్కు' అన్న మాటే తెల్లవాళ్ల నోట 'వూట్జ్' అయిందంటారు. అలాంటి చోటు మనుమణ్ని, రాజస్థాన్ లుహార్ దగ్గర గుజరాత్ రోడ్డు పక్కన కూర్చొని పార కొట్టించుకుంటున్నాను.

ఇక తప్పు నాదే. చీకటి పడుతోందని తొందరపెట్టాను. ఎర్రగా ఉన్న బ్లేడును పక్కనే ఉన్న నీళ్ల తొట్టిలో ముంచమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేనే పట్టుకారు అందుకుని ముంచాను. టిక్‌మని చిన్న చప్పుడు. అంచు నుంచి లోపలికి వెంట్రుక లాంటి గీత. కమాన్ ఉక్కుకు నీళ్లు పడవని నాకు తెలియక కాదు. ఆవిడ సుత్తి కింద పెట్టి నా వైపు చూసింది, ఏమీ అనలేదు. పొద్దంతా కొట్టింది ఆవిడే కదా.

ఇంకో పట్టా ఇచ్చి, రెండు బ్లేళ్ల కూలీ ఇచ్చి వచ్చాను.

నవంబర్ 13, బుధవారం

రెండో బ్లేడు వచ్చింది. ముంచడం నా షాపులోనే చేస్తానన్నాను కాబట్టి మెత్తగానే ఇచ్చాడు. ముందు గ్రైండర్‌తో ఎడమ పక్క మాత్రం పళ్లు కోశాను, గడ్డి వేళ్లకు. గట్టిపడ్డాక కోయడం కష్టం. కుడి పక్క అంగుళాల గీతలు కొట్టాను, లోతు తెలియడానికి.

కొలిమిలో పెట్టి, మధ్యమధ్యలో అయస్కాంతం ఆనించి చూశాను. బాగా కాలాక ఇనుము అయస్కాంతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం కాల్చి, వాడిన ఇంజన్ ఆయిల్లో ముంచాను. పొగ, కంపు. ఆకురాయి జారిపోయింది, అంటే గాజులా గట్టిపడింది. ఇలాగే వదిలేస్తే రాయికి తగిలి పెచ్చు లేస్తుంది. పైన మెరుగుపెట్టి మళ్లీ సన్న సెగ మీద పెట్టాలి. ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆ తర్వాత నీలం. గడ్డి రంగులో ఆపితే అది ఉలికి. నీలం దాకా పోనివ్వాలి పారకు, సుమారు మూడొందల డిగ్రీలు. నీలం వచ్చిన క్షణంలో దించాను. ఈ పని ఇన్నేళ్లుగా చేస్తున్నా ఆ నీలం వచ్చేటప్పుడు ఊపిరి బిగబడుతుంది.

మెడ. దీని కోసమే ఇంత కథ. వెల్డింగ్ నా వృత్తి, అయినా ఇక్కడ వెల్డింగ్ చేయలేదు. కమాన్ ఉక్కును వెల్డ్ చేస్తే అతుకు గట్టిగానే ఉంటుంది, అతుకు పక్కన గాజవుతుంది. ముందు వేడి చేసి, సరైన రాడ్ వాడి, బూడిదలో నెమ్మదిగా చల్లార్చితే తప్పించుకోవచ్చు. కానీ నేను పెట్టిన పదను పోతుంది. కాబట్టి మందపాటి సీమ్‌లెస్ పైపు ఒక చివర చీల్చి, నాలుకలా సాగదీసి, బ్లేడు వెన్నెముక మీద మూడు రివెట్లతో దిగగొట్టాను. రివెట్ ఎర్రగా ఉన్నప్పుడు కొడితే చల్లారుతూ కుంచించుకుని రెండు రేకులనూ తనే బిగిస్తుంది. పైపు నాలుక సగం బ్లేడు దాకా దిగింది. వంపు ఒక్క చోట పడకుండా అంత మేరా పంచుకుంటుంది.

భుజాల మీద కాలు ఆనడానికి మడత. ముప్ఫై అంగుళాల కామ, పైన అడ్డకర్ర. తూకం రెండు కిలోల వంద గ్రాములు.

బామ్మర్ది వచ్చి చూసి, "రంగు ఎయ్యవా బావా?" అన్నాడు.

నవంబర్ 17, ఆదివారం

కామరేజ్ వైపు తాపీ ఒడ్డున తెలిసినాయన అరటితోట. మూడు షరతులు పెట్టాడు: డ్రిప్ పైపుల జోలికి పోవద్దు, గుంత తవ్వినట్టు తెలియకూడదు, ఏం దొరికినా తనకు చూపించాలి. మూడూ న్యాయమైనవే.

ఖాళీగా ఉన్న గట్టు వైపు మొదలుపెట్టాం. మూడు పక్కల కోసి, నాలుగో పక్క గడ్డి వేళ్లతో పట్టి ఉంచి, పుస్తకం అట్ట తెరిచినట్టు గడ్డను తెరవాలి. చూసుకుని మళ్లీ మూసి కాలితో అదమాలి. మొదటి రెండూ బామ్మర్ది చింపేశాడు. మూడోది కుదిరింది. వెనక్కి గుంజబోతే బాపు మాట నా నోట్లోంచి వచ్చింది: "గుంజకురా, కొయ్యి."

గుంత గోడ చూస్తే పైన లేత రంగు సన్న ఒండ్రు ఒక పొర, దాని కింద నల్లరేగడి. తోటాయన చూసి, "బే హజార్ ఛ," అన్నాడు. రెండు వేల ఆరు. నేను వేలితో తీసి నలిపాను. అదే మెత్తదనం.

దొరికినవి: నాగలి బోల్టు, ఎద్దు నాడా సగం, 1964 నాటి మూడు పైసల అల్యూమినియం బిళ్ళ. ఒండ్రు పొర దాటి నల్లమట్టిలో, ఏడో గీత దగ్గర, చిల్లికాణీ. 1944. రాగిరంగు తేలింది గానీ అంకెలు చదవొచ్చు. తోటాయన తండ్రి దాన్ని చూసి చాలాసేపు నవ్వాడు. ఇవి ఖర్చు పెట్టడం కన్నా బండికి వాషర్లుగా వాడిందే ఎక్కువట. బోల్టుకు తొడిగి చూశాను. సరిపోయింది!

పదిహేడు గుంతలు. మెడ కదల్లేదు. ఒక్క లోపం: నల్లరేగడి పళ్లలో ఇరుక్కుంటోంది. పళ్లు ఇంకా వెడల్పుగా కోయాల్సింది.

నవంబర్ 18, సోమవారం

నడుం నొప్పి. మా ఆవిడకు సంగతి తెలిసిపోయింది.

నవంబర్ 21, గురువారం

బామ్మర్దితో గొడవ. ముందు సువాలి పోదామన్నాడు, 1612లో ఇంగ్లిషు వాళ్లూ పోర్చుగీసు వాళ్లూ ఓడల మీద కొట్టుకున్న చోటు. తర్వాత కతార్‌గామ్ తెల్లవాళ్ల గోరీల వెనక అన్నాడు. ఆఖరుకు అసలు మాట బయటపడింది: సంక్రాంతికి ఊరికి తీసుకుపోతాడట, గుట్ట మీది పాత గుడి దగ్గర తిప్పి చూస్తాడట.

"ఎవడు సూస్తడు బావా రాత్రిపూట?"

మన దగ్గర రాత్రిపూట గడ్డపార పట్టుకుని గుట్టెక్కినవాణ్ని ఏమంటారో వాడికి తెలియదా? గుప్తనిధుల పేరుతో ఎన్ని నందులను పెకిలించారో, ఎన్ని గర్భగుళ్లు తవ్వారో. ఆ వరసలో నా పార ఉండడానికి వీల్లేదన్నాను. ఆ గోరీలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి చోట లైసెన్సు లేకుండా తవ్వితే నేరం. ఇంకెక్కడైనా సరే, 1878 చట్టం ఒకటుంది: నేలలో దాగిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి. అప్పటి పది రూపాయలంటే పది తులాల వెండి బిళ్ళలు. ఇప్పుడు టీ కూడా రాదు, అంకె మాత్రం మారలేదు. దాచిపెడితే వాటా పోతుంది, జైలు కూడా. చెబితే మాత్రం, హక్కుదారులెవరూ లేకపోతే, దొరికినవాడికి ముప్పాతిక, భూమి యజమానికి పావు ఇచ్చే ఏర్పాటు అందులోనే ఉంది. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

వాడికి రెండు కథలు చెప్పాను. ఒకటి ఇంగ్లండ్ హాక్స్‌న్ ఊరిది. 1992 నవంబర్‌లో ఎరిక్ లాస్ అనే ఆయన, రైతు మిత్రుడు పొలంలో పారేసుకున్న సుత్తిని వెతకడానికి డిటెక్టర్ పట్టుకుపోయాడు. రోమన్ల నాటి బంగారం, వెండి బయటపడ్డాయి, నాణేలే దాదాపు 15 వేలు. కాస్త తీసి చూసి, ఆపేసి కబురు చేశాడు. పురావస్తు వాళ్లు వచ్చి ఏది దేని పక్కన ఉందో చూసుకుంటూ తీశారు. పెట్టె చెక్క మాయమైనా వస్తువులు ఎలా సర్ది ఉన్నాయో తెలిసింది. బహుమానం పదిహేడున్నర లక్షల పౌండ్లు, రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

రెండోది మన కోటిలింగాల. గోదావరి ఒడ్డున దొరికిన నాణేల మీద తొలి శాతవాహన రాజు సిముకుని పేరు ఉంది. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి పండితులు వాటిని చదివి శాతవాహనుల మొదలు అక్కడుందని వాదించగలిగారంటే, అవి ఏ ఊళ్లో దొరికాయో తెలిసింది కాబట్టి. అవే నాణేలు ఎవడి జేబులోనో సూరత్ వచ్చి అమ్ముడైతే తూకానికి సీసం, అంతే.

"అయితే మిషన్ అమ్మేయాల్నా?" అన్నాడు.

"పోగొట్టుకున్నవి ఎతుకు. ఊరి నిండ పోగొట్టుకున్నోళ్లే."

కోపంగా పోయాడు. పార మాత్రం నా దగ్గరే ఉంది.

డిసెంబర్ 1, ఆదివారం

నా మాటే పట్టుకుని వచ్చాడు. లింబాయత్‌లో వాళ్ల గల్లీ ఆమె సద్దుల బతుకమ్మ నాడు, అక్టోబర్ 10న, ఆడుతూ ఒక పుస్తె పోగొట్టుకుందట. తాడు తెగింది, ఒకటి చీరలో ఉంది, ఒకటి లేదు. మైదానం చూసుకునే ఆయన్ని అడిగి పొద్దున్నే పోయాం. ఆమె కూడా వచ్చింది, వాళ్లత్తతో. అత్త ఒక్క మాట మాట్లాడలేదు, మేం కూత వచ్చిన చోటల్లా వచ్చి నిలబడింది.

ఈ ఊళ్లో దుమ్ముకు కూడా ధర ఉంది. బంగారం పనివాళ్ల దుకాణాల ముందు ఊడ్చిన మట్టిని కొని కడిగే ధూళ్‌ధోయాలు ఉన్నారు, మన దగ్గరి జలగడిగేవాళ్లలాగే. పోయిన ఏడు సెప్టెంబర్‌లో వరాఛాలో ఎవరో వజ్రాల పొట్లం పారేసుకున్నారని పుకారు పుడితే రోడ్డంతా మనుషులు వంగి ఏరారు. ఏరినవి అమెరికన్ డైమండ్లని తేలింది. కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరికి వజ్రాల కోసం తిరిగేవాళ్లు కూడా తవ్వరు, వాన కడిగిన నేల మీద చూస్తూ నడుస్తారంతే. పోయినవి సాధారణంగా పైపైనే ఉంటాయి.

రెండు నెలలుగా తొక్కుడు పడి నేల రాయిలా ఉంది. ఇక్కడ పార అక్కర్లేదు, రెండు అంగుళాలు చాలు. వేళ్లతోనూ కుర్పీతోనూ తీశాం. పది రోజులు శ్రమపడి చేసిన పార గోడకు ఆనించి ఉంది. పిన్నీసులు ముప్ఫై దాకా. తలపిన్నులు. ఐదు రూపాయల బిళ్ళలు రెండు. గాజు ముక్కలకు అంటిన తగరం. పదకొండింటికి చిన్న కూత, సన్నది. పచ్చగా మెరిసింది. ఆమె ఒక్కసారి కూర్చుండిపోయింది.

పుస్తె కాదు. చెవి కమ్మ మర. బంగారమే.

మధ్యాహ్నం దాకా చూశాం. పుస్తె దొరకలేదు. పోతూ పోతూ ఆ అత్త గోడ దగ్గర ఆగి, పార ఎత్తి చూసి, బరువు ఎంతని అడిగింది.

డిసెంబర్ 8, ఆదివారం

మర ఎవరిదో. ఇది నిధి కాదు, ఎవరో ఈ మధ్య పారేసుకున్న సొమ్ము. సంఘం వాళ్ల బోర్డు మీద చీటీ అంటించాం: "ఆడిన చోట మర దొరికింది. జత కమ్మతో రావలెను." బరువు రాయలేదు, ఆనవాలు రాయలేదు.

ఇద్దరు వచ్చారు. చేత్తో కోసిన మరకు ఏ జతకా జతే పళ్లుంటాయి, నట్టు బోల్టుల్లా ఎక్కడిదైనా ఎక్కదు. మొదటామె కమ్మకు అసలు పట్టలేదు. రెండో ఆమెది వదులుగా జారింది. ఆమెకు కోపం వచ్చింది. నేనేదో చెయ్యి వాటంగా తిప్పానని.

పార పళ్లు వెడల్పు చేశాను. బామ్మర్ది మళ్లీ ఊరి మాట ఎత్తలేదు. వచ్చే ఆదివారం ఇంకెవరిదో పట్టగొలుసు ఉందట, పర్వత్ పాటియా వైపు.

డిసెంబర్ 15, ఆదివారం

పట్టగొలుసు దొరికింది, కాల్వ గట్టున, నాలుగో గీత దగ్గర. వెండి. వాళ్లు బలవంతంగా భోజనం పెట్టారు.

సాయంత్రం మర కోసం ఇంకొకామె వచ్చింది, ముసలామె, నడవలేక నడుస్తూ. కమ్మ కొంగు ముడి విప్పి తీసి ఇచ్చింది. మర పెట్టి తిప్పాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. మట్టి ఉందేమోనని కిరసనాయిల్లో వేసి ఉంచాను. రేపు పొద్దున మళ్లీ తిప్పి చూడాలి.